ఆటలమ్మ పెద్దలకు పోస్తే: గోదావరి డెల్టాలో మొదటి మూడు రోజుల లెక్క

క్లుప్తంగా: డాక్టర్లు చికెన్‌పాక్స్ అనే ఆటలమ్మ, ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో చాలావరకు దానంతటదే తగ్గిపోయే వైరస్ జబ్బు. పదమూడేళ్ళు దాటినవాళ్ళలో, గర్భిణుల్లో, పురిటి బిడ్డల్లో, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళలో మాత్రం ఊపిరితిత్తుల దాకా పాకవచ్చు. వైరస్‌ను అణిచే మందు తొలి పొక్కు కనబడిన 24 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఇంట్లో మిగతావాళ్ళను కాపాడే టీకా 3 రోజుల్లో, మహా అయితే 5 రోజుల్లో పడాలి. నీళ్ళు పోసేదాకా మందు ముట్టకూడదనే ఆనవాయితీ పిల్లల విషయంలో పెద్దగా నష్టం చేయకపోవచ్చు గానీ, పెద్దల విషయంలో ఈ రెండు గడువులనూ దాటించేస్తుంది.

సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకు

డెల్టా ఊళ్ళలో ఆటలమ్మ ఏడాది పొడవునా అక్కడో ఇక్కడో కనిపిస్తూనే ఉంటుంది. జోరు మాత్రం చలి తగ్గి ఎండ ఇంకా ముదరని రోజుల్లో, జనవరి చివర నుంచి ఏప్రిల్ దాకా. ఈ వైరస్‌కు వేడి పడదు. గాలిలో తేలే తుంపరలో గానీ పొక్కులోని నీటిలో గానీ ఉన్నప్పుడు ఎండాకాలపు వేడికి త్వరగా చచ్చిపోతుంది. చలికాలం చివరి పొడిగాలిలో అంతకంటే ఎక్కువసేపు నిలుస్తుంది.

రెండో కారణం జనం కలయిక. వైరస్ ఒంట్లో చేరిన రోజు నుంచి తొలి పొక్కు కనబడేదాకా 10 నుంచి 21 రోజులు పడుతుంది. ఎక్కువమందిలో 14 నుంచి 16 రోజులు. హైదరాబాదు నుంచి పండక్కి వచ్చిన పిల్లవాడికి కనుమనాడు పొక్కులు తేలాయనుకుంటే, వాడితో ఆడుకున్న పిల్లలకూ, వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పెద్దలకూ జనవరి ఆఖరు వారం, ఫిబ్రవరి మొదటి వారం మధ్య బయటపడుతుంది. వాళ్ళ నుంచి అంటుకున్నవాళ్ళకు ఫిబ్రవరి రెండో సగంలో. ఈలోపు మాఘమాసం పెళ్ళిళ్ళు తోడవుతాయి. మూడో విడత సరిగ్గా ఇంటర్, పదో తరగతి పరీక్షల ముంగిట దిగుతుంది. ఎండలు మొదలయ్యాయి కాబట్టి అమ్మవారు వచ్చిందని ఊళ్ళో అనుకుంటారు. అసలు అంటు రెండు నెలల వెనకటిది.

వేరుగా పడుకోబెట్టినా ఇంట్లో వాళ్ళకు ఎందుకు వస్తుందన్న ప్రశ్నకూ జవాబు ఈ తేదీల లెక్కలోనే ఉంది. పొక్కు తేలడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే రోగి ఊపిరితో వైరస్ బయటికి వస్తుంటుంది. వేపమండ గుమ్మానికి కట్టే సరికే ఇంటిల్లిపాదీ ఆ గాలి పీల్చి ఉంటారు. ఇదివరకు జబ్బు గానీ టీకా గానీ ఎరగనివాళ్ళు ఒకే ఇంట్లో పదిమంది ఉంటే, దాదాపు తొమ్మిదిమందికి అంటుకునేంత ధాటి దీనిది. ఇంట్లో రెండో విడతలో వచ్చినవాళ్ళకు సాధారణంగా పొక్కులు మరీ ఎక్కువగా వస్తాయి. మూసిన గదుల్లో గంటల తరబడి కలిసి ఉండడంతో వాళ్ళ ఒంట్లోకి చేరే వైరస్ మోతాదు పెద్దది కావడమే దీనికి కారణమని వైద్యులు భావిస్తారు.

ఇక్కడ పెద్దలకు ఎందుకు వస్తుంది

చల్లని దేశాల్లో, టీకా రాకముందు, యుక్తవయసు వచ్చేలోపే నూటికి తొంభైమందికి పైగా పిల్లలకు ఈ జబ్బు వచ్చి పోయేది. ఉష్ణదేశాల్లో అలా కాదు. వేడి, ఉక్కపోత వైరస్ ప్రయాణాన్ని నెమ్మదింపజేస్తాయి. కొబ్బరితోటల మధ్య దూరందూరంగా విసిరేసినట్టుండే ఇళ్ళు, లంక గ్రామాల్లాంటి చిన్న జనాభాలు ఆ నెమ్మదికి తోడవుతాయి. ఫలితంగా బాల్యమంతా జబ్బు సోకకుండా గడిచిపోయి, పద్దెనిమిదేళ్ళకో ముప్పై ఏళ్ళకో మొదటిసారి ఎదురుపడేవాళ్ళు ఇక్కడ ఎక్కువ.

ఆ ఎదురుపాటు ఎక్కడ జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. కార్పొరేట్ కాలేజీ హాస్టళ్ళు, వసతిగృహాలు, భీమవరం, కాకినాడ వైపు రొయ్యల ప్లాంట్లలో పనిచేసేవాళ్ళు కలిసి ఉండే గదులు, గల్ఫ్‌కు వెళ్ళే కోనసీమ వాళ్ళు అక్కడ పంచుకునే గదులు. ఒక గదిలో ఎనిమిదిమంది పడుకునే చోట ఒకరికి వస్తే, మూడు వారాల్లో గదంతా తిరుగుతుంది.

పెద్దల్లో తీవ్రత ఎంత తేడాగా ఉంటుందో చెప్పే లెక్కలు అమెరికావి, టీకా రాకముందువి. పధ్నాలుగేళ్ళలోపు పిల్లల్లో లక్ష కేసులకు ఒక మరణం ఉంటే, పెద్దల్లో లక్షకు 21. విడి సంఖ్యగా రెండూ చిన్నవే. కానీ పెద్దల్లో మరణం దాకా వెళ్ళకుండా ఆగే న్యుమోనియా, పది పదిహేను రోజుల పని పోవడం, ముఖాన మిగిలే గుంటలు ఈ లెక్కలోకి రావు. పిల్లవాడికి పోసినప్పుడు పాటించిన పద్ధతినే వాడి తండ్రికి పోసినప్పుడూ పాటిస్తే సరిపోదనడానికి ఆధారం ఇదే.

ఒంట్లో నడిచే తీరు, గుర్తుపట్టే తీరు

వైరస్ ముక్కు, గొంతు దారిన లోపలికి వెళ్ళి, ముందు మెడ దగ్గరి లింఫ్ గ్రంథుల్లో పెరుగుతుంది. అక్కడి నుంచి రక్తంలోకి దిగి కాలేయం, ప్లీహం చేరి మళ్ళీ పెరుగుతుంది. రెండోసారి రక్తంలోకి వచ్చాకే చర్మానికి చేరుతుంది. పొక్కులు ఒకేసారి కాకుండా మూడు నాలుగు రోజులపాటు దఫదఫాలుగా తేలతాయి. అందుకే ఒకే వీపు మీద ఎర్ర మచ్చ, నీటిబొట్టులాంటి పొక్కు, ఎండిన పక్కు మూడూ పక్కపక్కనే ఉంటాయి. గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి ఆనవాలు లేదు. ఛాతీ, వీపు, ముఖం, తలలో మొదలై, చేతులకూ కాళ్ళకూ పల్చబడుతుంది. టీకా లేనివాళ్ళలో మొత్తం పొక్కులు మామూలుగా 250 నుంచి 500. పిల్లల్లో జ్వరం, పొక్కు కలిసే వస్తాయి. పెద్దల్లో ఒకటి రెండు రోజుల ముందే జ్వరం, ఒళ్ళునొప్పులు పట్టుకుంటాయి. ఆ రెండు రోజులూ మామూలు జ్వరమనుకుని పనికి వెళ్ళడం, బస్సెక్కడం జరుగుతుంది.

తట్టుతో దీన్ని కలిపేసుకోవడం మామూలే. తట్టులో నీటి పొక్కులుండవు. దగ్గు, ఎర్రబడిన కళ్ళు, కారే ముక్కు ముందు వచ్చి, చెవుల వెనక నుంచి ఎర్రని దద్దు దిగుతుంది. అయిదేళ్ళలోపు పిల్లల్లో ఈమధ్య తరచూ వినబడే హ్యాండ్ ఫుట్ మౌత్ జబ్బులో అరచేతులు, అరికాళ్ళు, పిర్రలు, నోటి లోపల పొక్కులు తేలతాయి. వీపు దాదాపు ఖాళీగా ఉంటుంది. పెద్దమ్మవారు, అంటే మశూచి, మన దేశంలో చివరిసారి కనబడింది 1975లో. ప్రపంచమంతా పోయిందని 1980లో ప్రకటించారు. అమ్మవారి పేరు వింటేనే కలిగే భయంలో చాలా భాగం ఆ పాత జబ్బు మిగిల్చి వెళ్ళినదే.

వేపమండలు, పత్యం, నీళ్ళు పోయడం

అమ్మవారు పోసిన ఇంట్లో పాటించే పద్ధతులన్నిటినీ ఒకే గాటన కట్టి మూఢనమ్మకమనడం పొరపాటు. అన్నీ మంచివేననడం అంతకంటే పెద్ద పొరపాటు. ఒక్కొక్కటి విడిగా చూడాలి.

గుమ్మానికి వేపమండలు కట్టడం, బయటివాళ్ళు రాకపోవడం, రోగిని వేరే గదిలో ఉంచడం అంటును తగ్గించేవే. నీరున్న పొక్కులకు మెత్తని పాత పంచె పరచడం, వదులైన నూలుబట్టలు వేయడం చర్మానికి హాయి. పెరుగన్నం, మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఇవ్వడం ఇంకా మంచిది. నోట్లో, గొంతులో కూడా పొక్కులు వస్తాయి కాబట్టి వేడివీ కారంవీ మింగుడుపడవు; జ్వరంలో ఒంట్లో నీరు తగ్గకుండా చూడడమే తిండి విషయంలో అసలు పని. పోపు పెట్టకపోవడం వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు.

నష్టం ఎక్కువ జరిగేది నాలుగు చోట్ల.

మొదటిది స్నానం. మూడో రోజో, అయిదో, ఏడో, తొమ్మిదో రోజో నీళ్ళు పోసేదాకా ఒళ్ళు తడపకూడదని చాలా ఇళ్ళలో పట్టింపు. మామూలుగా చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్, స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా, చెమట పట్టి గోళ్ళు తగిలి చిట్లిన పొక్కులోకి దిగుతాయి. పిల్లల్లో ఈ జబ్బు వల్ల ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చే కారణాల్లో ముందుండేది ఇదే. మొదటి రోజు నుంచే రోజుకొకసారి గోరువెచ్చని నీళ్ళతో, రుద్దకుండా స్నానం చేయించి, మెత్తని గుడ్డతో అద్దితే చాలు. వేపాకు మరిగించి చల్లార్చిన నీళ్ళు కలుపుకున్నా అభ్యంతరం లేదు. నీళ్ళు పోసే శుభకార్యం దాని రోజున అది చేసుకోవచ్చు. అప్పటిదాకా ఒళ్ళు కడగకుండా ఉండక్కర్లేదు.

రెండోది పూతలు. రోట్లో నూరిన వేపాకు, పసుపు ముద్దను చిట్లిన పొక్కుల మీద పట్టిస్తే దానితోపాటు మురికీ చేరుతుంది. పైగా కింద చీము పడుతున్నా, ఎరుపు పాకుతున్నా కనబడదు. దురదకు కాలమైన్ లోషన్ చాలు, అదీ చిట్లని పొక్కుల మీదే. కంటి దగ్గర, నోటి లోపల వద్దు.

మూడోది నీచు మానడం పేరుతో పప్పు, గుడ్డు, పాలు కూడా ఆపేయడం, ఉప్పు లేని అన్నం పెట్టడం. చర్మం మళ్ళీ మొలవడానికి మాంసకృత్తులు కావాలి. చక్కెరజబ్బు, బీపీ ఉన్నవాళ్ళు పత్యం పేరుతో రోజువారీ మాత్రలు కూడా మానేస్తారు. ఇది మరీ ప్రమాదం. ఆటలమ్మకూ ఆ మాత్రలకూ పొంతనే లేదు.

నాలుగోది, అన్నిటికంటే బరువైనది, మందు ఇస్తే అమ్మవారు లోపలికి పోతుందనే భయం. పొక్కులు పూర్తిగా బయటికి రావాలని, మందు వాటిని లోపలికి తోసేస్తుందని అంటారు. జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వైరస్ పొక్కుగా తేలకముందే రక్తంలో ఉంది. ఊపిరితిత్తులకూ మెదడుకూ వెళ్ళగలిగేది ఆ రక్తంలోని వైరస్సే. ఎసైక్లోవిర్ అనే మందు వైరస్ తన నకళ్ళు తయారుచేసుకోకుండా అడ్డుపడుతుంది. కాబట్టి లోపలి వ్యాప్తిని తగ్గించేది ఆ మందే. అయితే అప్పటికే తయారైన వైరస్‌ను అది ఏమీ చేయలేదు. 24 గంటల గడువు వచ్చింది అందుకే: మూడో రోజుకు నకళ్ళ తయారీ చాలావరకు అయిపోయి ఉంటుంది.

మందులు: ఎవరికి, ఎంత, ఎప్పుడు

పన్నెండేళ్ళలోపు, వేరే జబ్బులేని పిల్లవాడికి వైరస్ మందు సాధారణంగా అక్కర్లేదు. జ్వరానికి పారాసిటమాల్, దురదకు డాక్టరు చెప్పిన సిరప్, కత్తిరించిన గోళ్ళు, రాత్రి చేతులకు పల్చని మేజోళ్ళు చాలు.

పారాసిటమాల్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా. పన్నెండు కిలోల బిడ్డకు గరిష్ఠంగా ఒకసారికి 180 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉన్న సిరప్ అయితే 7 మి.లీ.; 250 మి.గ్రా.ది అయితే మూడున్నర మి.లీ. పసిపిల్లల డ్రాప్స్ సీసాలో సాధారణంగా ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్ అనుకుని దాన్ని చెంచాతో పోస్తే ఒక్కసారికే 500 మి.గ్రా. పడుతుంది. సీసా మీద అంకె చదవకుండా పోయడం ఇళ్ళలో జరిగే తప్పుల్లో ముఖ్యమైనది.

ఇవ్వకూడనివి తెలుసుకోవడం ఇచ్చేవాటికంటే ముఖ్యం. ఆస్పిరిన్ ఇస్తే పిల్లల్లో కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రే సిండ్రోమ్ అనే అరుదైన ప్రమాదం ఉంది. ఐబుప్రొఫెన్ వాడిన పిల్లల్లో చర్మం లోతుకు పాకే బాక్టీరియా ఇన్ఫెక్షన్లు ఎక్కువ కనబడ్డాయి కాబట్టి ఆటలమ్మలో దాన్ని పక్కన పెట్టమంటారు. జ్వరం సిరప్‌లలో పారాసిటమాల్‌తో ఐబుప్రొఫెన్ కలిపినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. పేరు కింద చిన్న అక్షరాలు చూడాలి. ఇక స్టెరాయిడ్ ఇంజెక్షన్. జ్వరమూ దురదా ఒక్క పూటలో తగ్గుతాయని ఊళ్ళలో డెక్సామెథాసోన్ పొడవడం కొత్త కాదు. అది ఒంటి రక్షణశక్తిని అణిచి వైరస్‌కు దారి వదులుతుంది. దురదకని వాడే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లదీ అదే బాపతు. ఎసైక్లోవిర్ క్రీము ఆటలమ్మ పొక్కులకు రాసి లాభం లేదు, మందు లోపలికి వెళ్ళాలి. చీము పట్టనంతవరకు యాంటీబయాటిక్ వృథా.

పదమూడేళ్ళు దాటినవాళ్ళ విషయం వేరు. తొలి పొక్కు కనబడిన రోజే డాక్టరును కలవాలి. పెద్దలకు సాధారణంగా రాసేది ఎసైక్లోవిర్ 800 మి.గ్రా., రోజుకు అయిదుసార్లు, ఏడు రోజులు: పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. అయిదుసార్లు కుదరదనుకునేవాళ్ళకు వాలసైక్లోవిర్ ఒక గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు రాస్తారు. ఖరీదు ఎక్కువ, మరిచిపోయే అవకాశం తక్కువ. పిల్లలకు అవసరమైతే కిలోకు 20 మి.గ్రా. చొప్పున రోజుకు నాలుగుసార్లు, అయిదు రోజులు. ఒక్కసారికి 800 మించదు. చర్మవ్యాధి గానీ ఊపిరితిత్తుల జబ్బు గానీ ఉన్న పిల్లలకూ, కొన్నిసార్లు ఇంట్లో రెండోవాడిగా జబ్బుపడిన పిల్లవాడికీ డాక్టర్లు ఇది మొదలుపెడతారు. ఈ మందు మూత్రపిండాల దారిన బయటికి పోతుంది. నీళ్ళు తక్కువ తాగితే అక్కడ స్ఫటికాలుగా పేరుకోవచ్చు కాబట్టి పెద్దలు రోజుకు రెండున్నర మూడు లీటర్లు తాగాలి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు తగ్గించాలి, ముందే చెప్పాలి.

24 గంటలు దాటిపోయిందని పెద్దలు ఇక వెళ్ళడమే మానేయకూడదు. కొత్త పొక్కులు ఇంకా తేలుతుంటే, లేదా ఆయాసం మొదలైతే డాక్టర్లు అప్పటికీ మందు ఇస్తారు; తీవ్రమైతే ఆసుపత్రిలో నరం ద్వారా ఎక్కిస్తారు.

వెంటనే తీసుకెళ్ళాల్సిన సూచనలు

పెద్దల్లో న్యుమోనియా పొక్కులు తేలిన ఒకటి నుంచి ఆరు రోజుల మధ్య వస్తుంది. దగ్గు, ఆయాసం, ఛాతీనొప్పి దాని గుర్తులు. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్ళలో ముప్పు ఎక్కువ. కోవిడ్ కాలంలో కొన్న ఆక్సిమీటర్ ఇంట్లో మూలపడి ఉంటే దాన్ని బయటికి తీయడానికి ఇదే సమయం. 94 కంటే తక్కువ చూపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. రాజమహేంద్రవరం, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల వంటి, ఆక్సిజనూ ఐసీయూ ఉన్న చోటికి వెళ్ళాలి.

పిల్లల్లో చూడాల్సింది జ్వరం తీరు. మూడు నాలుగు రోజుల్లో తగ్గాల్సిన జ్వరం తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ వచ్చినా, ఒక పొక్కు చుట్టూ వేడిగా ఎర్రగా వాచి ముట్టుకోనివ్వకపోయినా బాక్టీరియా దిగినట్టే. వారం తర్వాత పిల్లవాడు నడకలో తూలితే చిన్నమెదడు వాపు అనుమానించాలి. అది చాలావరకు పూర్తిగా తగ్గేదే అయినా డాక్టరు చూడాలి. మత్తు, ఆగని వాంతులు, ఫిట్స్, మెడ బిగుసుకోవడం, కంటిలో పొక్కు కనబడితే వెంటనే ఆసుపత్రికి.

పురుడుకు వచ్చిన కూతురు ఉన్న ఇల్లు

డెల్టాలో ఈ జబ్బు తెచ్చే చిక్కుల్లో అతి సున్నితమైనది ఇది. శ్రీమంతం అయ్యాక కూతురు పుట్టింటికి వస్తుంది. అదే ఇంట్లో అన్న పిల్లలు బడి నుంచి ఆటలమ్మ తెస్తారు.

గర్భం తొలి 20 వారాల్లో తల్లికి జబ్బు వస్తే బిడ్డ అవయవాల్లో, కళ్ళలో లోపాలు ఏర్పడే అవకాశం ఉంది. అది నూటికి రెండు మించదు, 13 వారాలలోపు అంతకన్నా తక్కువ. అంటే గర్భం తీయించుకోవాల్సిన కారణంగా దీన్ని చూడకూడదు, స్కానింగ్‌లతో గమనించాలి. నెలలు నిండుతున్నప్పుడు తల్లికే న్యుమోనియా ముప్పు పెరుగుతుంది. అన్నిటికంటే గడ్డు పరిస్థితి, ప్రసవానికి 5 రోజుల ముందు నుంచి 2 రోజుల తర్వాత వరకు తల్లికి పొక్కులు తేలడం. వైరస్ మాత్రం బిడ్డకు చేరుతుంది. దాన్ని ఎదిరించే ప్రతిరక్షకాలు తల్లిలో తయారై బిడ్డకు చేరేంత వ్యవధి ఉండదు. అలాంటి బిడ్డకు పుట్టగానే ఇమ్యునోగ్లోబులిన్, అంటే తయారుగా ఉన్న ప్రతిరక్షకాల ఇంజెక్షన్ ఇవ్వాలి, పొక్కు తేలితే నరం ద్వారా ఎసైక్లోవిర్ ఎక్కించాలి. పురుడు ఎక్కడ పోసుకోవాలో నిర్ణయించేటప్పుడు పసిపిల్లల ఐసీయూ ఉందో లేదో చూడడం అందుకే.

ఇంట్లో ఎవరికైనా పొక్కు తేలిన రోజునే గర్భిణికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా అని ఆమె తల్లిని అడగాలి. వచ్చిందని గట్టిగా చెబితే నమ్మవచ్చు. సందేహముంటే వారిసెల్లా ఐజీజీ అనే రక్తపరీక్ష తేల్చేస్తుంది. రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబులిన్‌ను ఎంత త్వరగా ఇస్తే అంత మేలు, 10 రోజుల్లోపు ఇవ్వాలి. అది దొరకడం మన దగ్గర తేలిక కాదు. దొరకనప్పుడు అంటు తగిలిన ఏడో రోజు నుంచి ఎసైక్లోవిర్ ఇచ్చే పద్ధతి ఉంది. ఆ నిర్ణయం ప్రసూతి వైద్యులది. గర్భిణికి టీకా మాత్రం వేయకూడదు, అందులో ఉండేది బతికున్న బలహీన వైరస్. ఆమెను వేరే ఇంటికి పంపేటప్పుడూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: అంటు తగిలిన ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా, ఇమ్యునోగ్లోబులిన్ తీసుకుంటే ఇరవై ఎనిమిదో రోజు దాకా, ఆమే ఇతరులకు అంటించే అవకాశం ఉంది. ఆ ఇంట్లో మరో బాలింత ఉంటే అక్కడికి పంపకూడదు.

టీకా: ఉంది గానీ ఉచిత జాబితాలో లేదు

ఈ టీకాను జపాన్‌లో మిచియాకి తకహాషి 1974లో రూపొందించారు. అమెరికా 1995లో పిల్లలందరికీ మొదలుపెట్టింది. అంతకుముందు అక్కడ ఏటా సుమారు 40 లక్షల కేసులు, వందకు పైగా మరణాలు ఉండేవి. ఒక్క డోసు సరిపోక బడుల్లో మళ్ళీ కేసులు రావడంతో 2006లో రెండో డోసు చేర్చారు. ఇంగ్లండ్ చాలా ఏళ్ళు తటపటాయించి 2026 జనవరిలో తన పిల్లల పట్టికలోకి తీసుకుంది.

మన దేశంలో అంగన్‌వాడీల్లో, పీహెచ్‌సీల్లో ఏఎన్‌ఎంలు వేసే ఉచిత టీకాల పట్టికలో ఇది లేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సిఫార్సు ప్రకారం పిల్లల డాక్టర్ల దగ్గర డబ్బిచ్చి వేయించుకోవాలి. బ్రాండును బట్టి డోసు ధర రెండు వేల రూపాయల దరిదాపుల్లో ఉంటుంది. రెండు డోసులు, ఇద్దరు పిల్లలంటే కూలి ఇంటికి చిన్న ఖర్చు కాదు.

ప్రభుత్వం చేర్చకపోవడాన్ని ఖర్చుతోనే ముడిపెట్టలేం. టీకా నూటికి ఎనభైమందికి పైగా పిల్లలకు, ఏటా తప్పకుండా పడే హామీ లేనప్పుడు సామూహికంగా మొదలుపెట్టడం మంచిది కాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ వైఖరి. ఎందుకంటే, సగంమందికే పడితే వైరస్ తిరుగుడు తగ్గుతుంది కానీ ఆగదు. టీకా పడని సగంమంది చిన్నతనంలో తప్పించుకుని పెద్దయ్యాక దాని వాతపడతారు. చిత్రమేమిటంటే, ప్రైవేటులో కొనగలిగినవాళ్ళే వేయించుకునే ఇప్పటి పద్ధతీ ఆ వైపుకే నెట్టగలదు. ఒక కుటుంబం దృష్టితో చూస్తే ఈ వాదన టీకా మానడానికి కారణం కాదు. ఇంట్లో టీకా పడని పెద్దపిల్లల మీద, యువకుల మీద మరింత శ్రద్ధ పెట్టడానికి కారణం.

పిల్లలకు మొదటి డోసు 15వ నెలలో, రెండోది 18 నుంచి 19 నెలల్లో. రెండో డోసును నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య వేయించే పాత పద్ధతీ చెల్లుతుంది. పదమూడేళ్ళు దాటినవాళ్ళకు రెండు డోసుల మధ్య 4 నుంచి 8 వారాలు. హాస్టల్లో చేరబోయే ఇంటర్ విద్యార్థి, గల్ఫ్ ప్రయాణానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్న మనిషి రెండు నెలల ముందే మొదలుపెట్టకపోతే రెండోది పడదు. పెళ్ళి కుదిరిన అమ్మాయిలు కూడా ఈ లెక్క చూసుకోవాలి. డోసు తర్వాత కనీసం నెల రోజులు గర్భం రాకూడదు. ఇదివరకే జబ్బు వచ్చిందేమోనన్న అనుమానంతో ఆగక్కర్లేదు, వచ్చినవాళ్ళకు వేసినా హాని లేదు.

మందు 0.5 మి.లీ., చర్మం కింద. పొడిగా వచ్చే టీకాను ద్రవంతో కలిపాక అరగంటలో వేసేయాలి. ముందే కలిపి ఉంచిన సిరంజి వద్దనాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన వస్తువు కాబట్టి, కరెంటు పోయినా చల్లదనం నిలిచే ఏర్పాటున్న చోటనే వేయించాలి. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) లాంటి మరో బతికున్న టీకా అదే రోజు వేయవచ్చు, లేదంటే నాలుగు వారాలు ఆగాలి. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళకూ, కీమోథెరపీలో ఉన్నవాళ్ళకూ ఇది వేయరు. వాళ్ళకు రక్షణ చుట్టూ ఉన్నవాళ్ళు వేయించుకోవడమే. రెండు డోసులు పడ్డాక కూడా కొందరికి రావచ్చు. అప్పుడు పొక్కులు సాధారణంగా యాభై లోపే, నీరు లేకుండా దోమకాట్లలా ఉంటాయి. అవీ అంటుకుంటాయి.

ఇంట్లో ఒకరికి పొక్కు తేలాక మిగతావాళ్ళకు 3 రోజుల్లోపు, మహా అయితే 5 రోజుల్లోపు టీకా వేస్తే జబ్బు ఆగవచ్చు, లేదా తేలికపడవచ్చు. వైరస్ చర్మందాకా రావడానికి రెండు వారాలు పడుతుంది. టీకా అంతకంటే ముందే ఒంటిని సిద్ధం చేస్తుంది. అమ్మవారు పోసిన ఇంట్లో సూది పొడిపించుకోకూడదనే పట్టింపు వల్ల చేజారేది సరిగ్గా ఈ మూడు రోజులే.

బడి, పని, తర్వాత వచ్చే అక్కి

చివరి పొక్కు కూడా పక్కు కట్టేదాకా, అంటే సాధారణంగా 5 నుంచి 7 రోజులు, బడికీ పనికీ దూరం. పక్కులు రాలిపోయేదాకా ఆగక్కర్లేదు. ఎండిన పక్కు అంటించదు. పరీక్ష రోజు పొక్కులు పచ్చిగా ఉంటే కేంద్రానికి ముందే చెప్పి వేరే గది అడగాలి. దుప్పట్లు, బట్టలు మామూలుగా సబ్బుతో ఉతికి ఎండలో ఆరేస్తే సరి.

జబ్బు తగ్గినా వైరస్ పోదు. వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో నిద్రపోతూ, యాభై అరవై ఏళ్ళకో, చక్కెరజబ్బు, స్టెరాయిడ్లు ఒంటిని బలహీనపరిచినప్పుడో ఒకే నరం వెంట, ఒంటికి ఒక పక్కనే పొక్కుల పట్టీలా తేలుతుంది. ఊళ్ళో అక్కి అనీ సర్పి అనీ అనే జబ్బు ఇదే. ఎర్రమట్టితో అక్కి రాయించుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. ఆ రాతకు పోయే రెండు మూడు రోజుల్లోనే అసలు మందు గడువు ముగుస్తుంది. అక్కికి ఎసైక్లోవిర్ 72 గంటల్లో మొదలవ్వాలి, లేదంటే నెలల తరబడి వేధించే నరాల నొప్పి మిగలవచ్చు. కంటి పక్కన, ముక్కు కొన మీద తేలితే ఆ రోజే కంటి డాక్టరు. యాభై దాటినవాళ్ళకు దీనికి విడిగా టీకా 2023 నుంచి మన దేశంలో దొరుకుతోంది. రెండు డోసులు, ధర ఎక్కువ. ఆటలమ్మ రాకుండా అది పనికిరాదు.

అక్కి ఉన్న తాతగారి నుంచి మనవడికి అక్కి రాదు, ఆటలమ్మ రావచ్చు. పొక్కులు ఎండేదాకా వాటిని బట్టతో కప్పి ఉంచాలి, నెలల బిడ్డను ఆయన ఎత్తుకోకూడదు.